పక్షులు ఏడు, తిరిగి తీసుకుపోవలసినవి

డిసెంబరు రెండవ శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నా వెంట తెచ్చుకున్న ఉష్ణమాపకం పన్నెండు డిగ్రీలు చూపుతోంది. ఈశాన్యం నుంచి గాలి వీస్తోంది; ఆకు కదిలేటంతే గాని కొమ్మ కదిలేటంత కాదు. పటాన్‌చెరుకూ అమీన్‌పూర్‌కూ నడుమ ఉన్న ఒక చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాను. ఆ చెరువు పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరి మీద ఫిర్యాదులా చదువుతారు, ఫిర్యాదు చేసే ఓపిక నాకు లేదు. పొగమంచులో అవతలి గట్టు కనిపించడం లేదు. దాని వెనక లేచిన కొత్త భవనాల పైఅంతస్తులు మాత్రం పునాదుల్లేకుండా గాలిలో నిలిచినట్టున్నాయి. నేను ఒక బడి బండి కోసం ఎదురుచూస్తున్నాను. అది తొమ్మిదింటికి రావాలి. అయినా ఆరున్నరకే వచ్చి నిలబడడం నాకు నలభై ఏళ్లకు పైగా అలవాటు.

మా పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. చలికాలంలో ఉత్తరం నుంచి వలస పక్షులు ఈ ప్రాంతపు చెరువులకు వస్తాయి. అవి ఉన్న మూడు నెలల్లో ఒక్కో బడి నుంచి ఒక్కో తరగతిని ఒక పూట కట్ట మీదికి తీసుకువచ్చి, పక్షులను చూపించి, లెక్కపెట్టించి పంపుతాము. దానికి రుసుము లేదు, పరీక్ష లేదు. ఒక చలికాలంలో ఇరవై రెండు బడులు వచ్చిన రోజులున్నాయి. ఈ ఏడాది ఆరు బడులకు రాశాను. చెరువు దగ్గర వాసనకు తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని ఒకరు, దోమలని ఒకరు, పిల్లలకు ఏదైనా అయితే బాధ్యత ఎవరిదని ఒకరు జవాబిచ్చారు. ప్రకృతి పాఠం ఇప్పుడు తెర మీద చూపిస్తున్నామని ఇంకొకరు ఎంతో మర్యాదగా చెప్పారు. ఒక బడి జవాబే ఇవ్వలేదు. మిగిలింది ఒక్కటి. అది కూడా రాకపోతే ఈ చలికాలం ఖాళీగా పోతుంది. మొదలుపెట్టిన నాటి నుంచి ఒక్క చలికాలమూ ఖాళీ పోలేదు. బడులన్నీ మూతపడిన మహమ్మారి ఏడాది కూడా తన వీధిలోని నలుగురు పిల్లలకు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టి పద్మక్క ఇక్కడికి నడిపించుకు వచ్చింది.

ఈ పని పద్మక్కది. నేను లెక్క రాసేవాణ్ణి మాత్రమే. మొన్న దీపావళి ముందు ఆమె స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు సంగారెడ్డిలో కూతురింట్లో మంచం మీద ఉంది. చూడ్డానికి వెళితే తన నొప్పి సంగతి ఒక్క మాట చెప్పలేదు. "ఒక్క బడన్న తోల్కపో సారూ. ఈ ఒక్క సలికాలం తప్పిందనుకో, ఇగ మల్ల ఎవ్వరు మొదలువెట్టరు," అన్నది. నేను సరేనన్నాను. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఆమె కూతురు అటక మీంచి తీసిన ఒక గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. విప్పకుండానే అదేమిటో తెలిసింది. పురుగు పట్టిన జొన్నల వాసన, పాత చీర గుడ్డ వాసన.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో కంపెనీ క్వార్టర్లకు వరుస ఉండేది. కోస్తా నుంచి వచ్చిన మా బోటి కుర్రవాళ్లు ఏడాదో రెండేళ్లో బయట కిరాయికి ఉండక తప్పేది కాదు. నాకు దొరికింది చెరువుకు దగ్గరి ఊళ్లో రాములు పటేల్ గారి ఇంటి వెనక గది. పాతకాలపు రైతు కుటుంబం. భూమిలో కొంత కర్మాగారాల కిందికి పోయింది, కొడుకు ఆ కర్మాగారాల్లోనే ఒకదానిలో షిఫ్టు పనికి పోయేవాడు. కోడలు పద్మ ఊరి సర్కారు బడిలో పంతులమ్మ. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, అందుకే అక్క అనేవాణ్ణి. ఆమె మాత్రం నన్ను మొదటి రోజే సారూ అన్నది, ఈనాటికీ అదే పిలుపు. అత్తగారు సాయమ్మ నా పేరు నేర్చుకోలేదు. "ఓ కిరాయి పిలగా" అని గోడ అవతలి నుంచి కేక వేస్తే పలికేవాణ్ణి.

ఆ ఇంట్లో పొద్దు ఒకే తీరున మొదలయ్యేది. చీకటి ఉండగానే సాయమ్మ పొయ్యి రాజేసేది. పిడకల పొగ నా గది చూరులోంచి లోపలికి దిగి దుప్పటికి పట్టేది. తర్వాత జొన్నరొట్టె తట్టే చప్పుడు, దాని వెనకే ఎల్లిపాయ కారం నూరే వాసన. ఆ వాసనతో నిద్ర లేచినవాడికి గడియారం అక్కరలేదు. అయినా నేను గడియారం చూసేవాణ్ణి. సరిగ్గా ఆ సమయానికి పటేల్ గారు గొంగడి కప్పుకుని వాకిట్లోకి వచ్చి, నాలుగు దిక్కులకూ తిరిగి, తల ఎత్తి గాలి వాసన పీల్చేవారు. కర్మాగారాల మీది గాలి ఊరి మీదికి మళ్లితే ఆరుబయట గింజలు ఎండబెట్టకూడదని ఆయన పట్టుదల. "ఇయ్యాల గాలి అటు దిక్కుంది, ఎండవొయ్యి," అని తీర్పు చెప్పేవారు. సాయమ్మ లోపలి నుంచే, "నీ ముక్కుకు నశ్యం తప్ప వేరే వాసన తెల్వది. మొన్న గిట్లనే అంటివి, పప్పంత కంపువట్టె," అనేది. నేను ఒక నెల ఆయన తీర్పులను రాసి పెట్టాను. సగం సరి, సగం తప్పు. ఆ ఫలితం ఆయనకు చెప్పలేదు. చెప్పినా మర్నాడు పొద్దున్నే వాకిట్లో నిలబడేవారే.

ఊరి పిల్లలు చెరువు మీద పక్షులకు గులకరాళ్లు విసిరేవారు. అది చెడ్డతనం కాదు, వేరే ఆట లేకపోవడం. పద్మక్క వాళ్లను తిట్టి చూసింది, లాభం లేకపోయింది. ఒకనాడు సాయంత్రం గింజలు చెరుగుతూ, "చేతిల వట్టుకున్నదాన్ని రాయితోని కొట్టబుద్ధి కాదు సారూ. కానీ బతికున్న పిట్టను చేతిల ఎట్ల వెడ్తం? దాని బరువన్న పెడ్దాం," అన్నది. సంగారెడ్డి గ్రంథాలయంలో ఒక పుస్తకం దొరికింది. అందులోంచి బరువులు నేను ఎత్తి రాసుకొచ్చాను. హిమాలయాలకు అవతలి నుంచి వచ్చే పట్టెతల బాతు రెండుంబావు కిలోలు. సూదితోక బాతు ముప్పాతిక కిలోకు కొంచెం పైన. తోక ఊపుతూ గట్టు మీద పరుగెత్తే జిట్టంగి ఇరవై గ్రాములు, అంతే. ఏడు పక్షులకు ఏడు సంచులు. సాయమ్మ పాత చీరలు చింపి కుట్టింది, పద్మక్క గింజలు నింపింది. పెద్దవాటికి జొన్నలు, జిట్టంగికి ఒక గుప్పెడు నువ్వులు. ఒక్కో సంచి మీద ఆ పక్షి పేరు నల్లదారంతో కుట్టారు. మా కంపెనీ బడి పెద్దసారును నేను వెళ్లి కలిశాను. శనివారం ఒక తరగతిని పంపుతానన్నారు. సర్కారు బడి పిల్లలూ కంపెనీ బడి పిల్లలూ కలిసి ఒక కట్ట మీద కూర్చోవడం అదే మొదలు. అది సరిగ్గా జరగకపోతే పెద్దసారు రెండోసారి పంపరని మా ఇద్దరికీ తెలుసు.

ఇక్కడ నా వృత్తి అడ్డు వచ్చింది. నేను పనిచేసింది కర్మాగారపు కొలతల గదిలో. అక్కడి త్రాసు గ్రాములో వెయ్యోవంతు చూపుతుంది. పటేల్ గారింటి తక్కెడలో ఒక పడికట్టురాయి అంచు విరిగి ఉండేది. ఆ రాయితో తూచిన జిట్టంగిని పిల్లల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. "నీ త్రాసు సూస్తెనే పిట్ట ఎగుర్తదా?" అని పద్మక్క నవ్వింది. అయినా గురువారం నాడు ఏడు సంచులనూ భోజనం సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయాను. గేటు దగ్గర లోపలికి తెచ్చే ప్రతి వస్తువునూ రాయించాలి. బరువులు అని రాయిద్దామనుకుని ఆగాను. కొలతల గదిలో బరువులంటే ముద్ర వేసిన ప్రామాణిక బరువులు. అవి గేటు దాటి బయటికి పోవడం ఉద్యోగం ఊడేటంత నేరం. సాయంత్రం ఎవరైనా ఆ మాట చదివితే కష్టమని, సంచుల మీద ఉన్నది ఉన్నట్టు ఏడు పేర్లూ చెప్పాను. కావలివాడు ఉత్తరాది మనిషి. అన్నీ వినే ఓపిక లేక, ఇవన్నీ ఏమిటని అడిగాడు. పక్షులన్నాను. 'పక్షులు ఏడు, తిరిగి తీసుకుపోవలసినవి' అని రాసి, ముద్ర వేసి, చీటీ ఇచ్చాడు.

సాయంత్రం గేటు మీద వేరే మనిషి. చీటీ చదివాడు, సంచి విప్పాడు. "సాత్ పంఛీ లిఖా హై. పంఛీ కహాఁ హై?" అన్నాడు, ఏడు పక్షులని రాసి ఉంది, అవెక్కడ అని. ఇవే అన్నాను. ఇవి సంచులు కదా అన్నాడు. మాట పెరిగి భద్రతాధికారి దాకా పోయింది. ఆయన సంగారెడ్డివాడు, పెద్ద మనిషి, గొంతెత్తడు. "పొద్దుగాల ఏడు పక్షులు లోపటికొచ్చినయి. ఇప్పుడు ఏడు సంచులు బయటికి పోతున్నయి. మరి పక్షులేమైనయి? క్యాంటీన్ల వండిండ్రా?" అని అడిగాడు. చుట్టూ షిఫ్టు దిగిన జనం నిలబడి నవ్వుతున్నారు. అవి పక్షుల బరువులండీ అన్నాను. "బరువులా? కొలతల గది బరువులా?" అన్నాడాయన, కుర్చీలోంచి లేస్తూ. నేను తప్పించుకోవాలనుకున్న మాట నా నోటనే వచ్చింది. ఆయన నా ఎదుటే ఒక కత్తెర తెప్పించి పట్టెతల బాతు సంచి కుట్టు విప్పించాడు. జొన్నలు బల్ల మీద పరచి వేలితో కలిపి చూశాడు. మర్నాడు శుక్రవారం సాయంత్రానికి ఆరు సంచులు గుడ్డ సంచులుగా నమోదై బయటికి వచ్చాయి. విప్పిన ఏడోది మాత్రం విప్పిన స్థితిలో లోపలికి రాలేదు కాబట్టి, విప్పిన స్థితిలో బయటికి పోవడానికి వేరే అనుమతి కావాలన్నారు. సోమవారం రమ్మన్నారు. ఆయనను తప్పుపట్టను. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

ఇంటికి వచ్చి చెబితే సాయమ్మ పొయ్యి ముందు కూర్చుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "ఓ కిరాయి పిలగా, బాతును జైల్ల ఏయించి వచ్చినవా!" పద్మక్క నవ్వలేదు. పెద్ద పక్షి లేకపోతే పిల్లలకు చిన్న పక్షి బరువు తెలియదని, పోల్చుకోవడానికే కదా అదని ఆమె బాధ. కొత్త జొన్న ఇంకా చేలో ఉంది. ఇంట్లో మిగిలింది తిండికి సరిపోయేదే. గుడ్డ ఉంటే దారం లేదు, దారం ఉంటే వెలుగు లేదు. కరెంటు పోయింది. చివరికి పటేల్ గారే మార్గం చెప్పారు. "కోడిని తోల్కపోరాదుండ్రి. బాతెంతో కోడంతే." నేను వెంటనే ఆ కోడిని విరిగిన రాళ్ల తక్కెడలోనే తూచాను. కిలోన్నర. ముప్పాతిక కిలో తక్కువని చెప్పాను. "అయితె దాని మీద బెల్లంగడ్డ వెట్టు," అన్నది సాయమ్మ. ఆ కాలంలో నేను నవ్వేవాణ్ణి కాదు. ఆ రాత్రి మాత్రం గదికి పోయి తలుపు వేసుకుని నవ్వాను.

శనివారం తెల్లవారి పొగమంచు ఇంతే ఉంది. పటేల్ గారు గాలి పీల్చి, పర్వాలేదు పొమ్మన్నారు. ఆనాడు ఆయన తీర్పు సరైంది. కట్ట మీద ఒక పక్క కంపెనీ బడి పిల్లలు బూట్లతో, మేజోళ్లతో. ఇంకో పక్క ఊరి పిల్లలు అక్కల స్వెట్టర్లు తొడుక్కుని. మధ్యలో రెండు గజాల ఖాళీ. పద్మక్క జిట్టంగి సంచిని ఒక కంపెనీ అమ్మాయి అరచేతిలో పెట్టి, "గింతే ఉంటది. గీ గింతది కొండలు దాటి మన దగ్గరికొచ్చింది," అన్నది. ఆ పిల్ల చెయ్యి కదపకుండా, ఊపిరి బిగబట్టి నిలబడింది. సంచి చేతులు మారుతూ పోయింది. నేను కొంచెం దూరంలో నిలబడి నీటి మీది పక్షులను లెక్కపెడుతున్నాను. పట్టెతల బాతుల గుంపు మధ్యలో ఉంది, నూట అరవై దాకా వచ్చాను. అప్పుడే పద్మక్క కోడిని పెట్టి తెచ్చిన గంప మూత తీసింది. ఊరి పిల్లవాడు ఒకడు కోడిని రెండు చేతుల్తో ఎత్తి, "బాతు గింతకంటె బరువుంటదా పంతులమ్మా?" అని అడిగి కంపెనీ పిల్లవాడికి అందించాడు. ఆ పిల్లవాడు జన్మలో కోడిని పట్టుకున్నవాడు కాదు, వదిలేశాడు. కోడి కట్ట దిగి తుంగలోకి దూరింది.

తర్వాత జరిగింది కార్యక్రమం అని పిలవడానికి వీలు లేదు. రెండు బడుల పిల్లలూ కేకలు వేస్తూ ఒక్క గుంపుగా కట్ట దిగారు. బూట్లు బురదలో దిగబడ్డాయి. కంపెనీ బడి పంతులు గారు గొడుగు ఊపుతూ, "లైన్లో! లైన్లో పట్టుకోండర్రా!" అని అరుస్తున్నారు. ఆ అలజడికి చెరువు మొత్తం లేచింది. ముందు కొంగలు, వెనక సూదితోకలు, చివరికి నీరు చరుస్తూ ఆ బరువైన బాతులు. వాటి రెక్కల చప్పుడు ఎలా ఉందంటే, పిల్లలు కోడిని మరచి, ఎక్కడివాళ్లు అక్కడ మోకాళ్ల లోతు బురదలో నిలబడి తలలెత్తారు. బాతులు మా మీదుగా తిరిగాయి. మెడలు చాచిన తీరు కనిపించింది, తల మీది నల్ల పట్టెలు కనిపించాయి. ఎవరు ఏ బడివాళ్లో అప్పుడు చెప్పడం కష్టం, అందరి కాళ్లూ ఒకే రంగులో ఉన్నాయి. నాటి నా లెక్క పూర్తి కాలేదు. రాసుకున్నది నూట అరవై, పక్కన 'అసంపూర్ణం' అనే మాట. సోమవారం కంపెనీ బడి పెద్దసారు పిలిపించారు, బూట్ల సంగతి అడుగుతారనుకున్నాను. రెండో తరగతిని ఎప్పుడు పంపమంటారని అడిగారు.

కోడి మధ్యాహ్నానికి తానే ఇల్లు చేరింది. బాతు సంచి కూడా ఆ వారంలోనే అనుమతితో బయటికి వచ్చింది. తర్వాతి చలికాలాలన్నీ దాదాపు ఒక్క తీరుగా సాగాయి. సాయమ్మ పోయింది, పటేల్ గారు పోయారు, ఆ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు లారీల తూకపు కాటా ఉంది. నాకు క్వార్టరు వచ్చింది, పెళ్లయింది, పదవీ విరమణ అయింది. ప్రతి చలికాలమూ కట్ట మీదికి వచ్చాను, ప్రతిసారీ లెక్క పూర్తి చేశాను. నేను అలసిపోయింది అక్కడే. లెక్క పూర్తి కావడానికి పట్టే సమయం ఏటేటా తగ్గుతూ వచ్చింది. తొలి రోజుల్లో రెండు గంటలు పట్టేది. నిరుడు టీ చల్లారకముందే అయిపోయింది. నా చూపు మందగించిందేమోనని కళ్లు పరీక్ష చేయించుకున్నాను. చూపు బాగానే ఉంది.

తొమ్మిదింటికి బండి రాలేదు. తొమ్మిదింబావుకు ఫోను చేస్తే బడివాళ్లు ఎత్తలేదు. పొగమంచు తొలగి నీరు కనబడింది. సగం చెరువు గుర్రపుడెక్క, అవతలి కాలువ దిగే చోట తెల్లటి నురుగు. తొమ్మిదీ ముప్పై అయిదుకు కట్ట మొదట్లో ఒక చిన్న పసుపు వ్యాను ఆగింది. యాభై మంది వస్తారన్నారు, పెద్ద బస్సు రావాలి. వ్యానులోంచి ఒక యువ ఉపాధ్యాయిని దిగింది, పేరు శిరీష. కొండాపూర్ మండలం వైపు రైతుల పిల్ల. "సార్, ఏమనుకోకుండ్రి. తల్లిదండ్రుల సంతకాలు అడిగినం. గింతమందివే వచ్చినయి. మా మేడమ్ వద్దనే అన్నరు, నేనే తీస్కొచ్చిన," అన్నది. వెనక నుంచి పిల్లలు ఒక్కొక్కరే దిగారు. సగం మంది ఒడిశా, బీహారు నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు మొదటి షిఫ్టుకు పోతూ, చదవకుండానే సంతకం చేసి ఉంటారు.

కొత్తగా నింపిన సంచులు చేతికిచ్చాను. బాతు సంచిని ఎత్తిన పిల్లవాడు, "అరే, మా ఇంట్ల కుక్కర్ గిట్లనే ఉంటది," అన్నాడు. పక్కనున్న అమ్మాయి, "పప్పుతోనా, ఖాళీదా?" అని అడిగింది. పప్పుతోనే అని తేలింది. జిట్టంగిని అరచేతిలో పెట్టుకున్న ఒక చిన్నది, "ఇస్‌మే కుఛ్ హై భీ?" అని, ఇందులో అసలేమైనా ఉందా అన్నట్టు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నీటి మీద పట్టెతల బాతులు లేవు. అవి ఈ చెరువుకు రావడం మానేసి కొన్నేళ్లయింది. ఉన్నవాటినే రెండు జట్లుగా విడదీసి లెక్కపెట్టించాను. సూదితోకలు ఒక జట్టుకు పదిహేడు, రెండో జట్టుకు పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టమన్నాను. పద్దెనిమిదోది తేలుతున్న థర్మోకోల్ ముక్క. తప్పు పట్టుకున్న జట్టు చప్పట్లు కొట్టింది, తప్పిన జట్టు అది బాతే, నిద్రపోతోందని చాలాసేపు వాదించింది. పదకొండున్నరకు వ్యాను వెళ్లిపోయింది. ఎక్కేముందు శిరీష, "వచ్చే ఏడు కూడ ఉంటది గద సార్?" అన్నది. ఆరోగ్యం ఎలా ఉంటుందో చూడాలన్నాను. "మీరు రాకుంటె ఆ సంచులు నాకియ్యుండ్రి," అన్నదామె.

కట్ట మీది నుంచే పద్మక్కకు ఫోను చేశాను. కూతురు ఆమె చెవి దగ్గర పెట్టింది.

"వచ్చిండ్రా?"

"వచ్చారక్కా."

"ఎంతమంది?"

"పదకొండు."

"యాభై అనరాదా సారూ, మంచంల వడ్డ ముసల్దాన్ని సంతోషపెట్టనీకి?"

"పదకొండేనక్కా."

"ఎర్కే. నువ్వైతే తప్పు చెప్పవనే నిన్ను అడిగిన." వెంటనే ఇంకోటి అడిగింది. "ఎవలు తోల్కొచ్చిండ్రు?"

శిరీష సంగతి చెప్పాను. సంచులు అడిగిందని కూడా చెప్పాను.

"ఇచ్చినవా?"

"ఇంకా లేదు."

"గామెకియ్యి. ఈ వారమే ఇయ్యి. వచ్చే సలికాలం దాక ఆగుతె నువ్వుండవు, నేనుండ," అని, కూతురితో ఫోను తీసెయ్యమన్నది.

ఈ చలికాలపు తుది లెక్క ఇది. సూదితోక బాతులు పదిహేడు. నుదుట తెల్ల నామమున్న నీటిపక్షులు, నామాల కోళ్లు, నలభై మూడు. జిట్టంగులు రెండు. పట్టెతల బాతులు లేవు. పిల్లలు పదకొండు మంది. బడులు, ఒకటి.